ఓర్లాండో బ్యాక్‌లాట్ టూర్ పాత వీడియో ఎవరి దగ్గరైనా ఉందా?

అందరికీ నమస్కారం. ఫ్లోరిడాలో డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్ అనే థీమ్ పార్కులో 1989 నుంచి 2014 సెప్టెంబరు దాకా నడిచిన స్టూడియో బ్యాక్‌లాట్ టూర్ (సినిమా సెట్ల మధ్య ట్రామ్‌లో తిప్పి చూపించే రైడ్) ఎక్కినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాకు అందులోని కెటాస్ట్రఫీ కేనియన్ అనే భాగం పూర్తి వీడియో కావాలి.

ట్రామ్ లోయలాంటి సెట్‌లోకి వెళ్లి ఆగేది. భూకంపం వచ్చినట్టు ఊగేది, ఆయిల్ ట్యాంకర్ అంటుకునేది, అంతలోనే పైనుంచి వరద దూకేది. అసలు అందం ఆ తర్వాతే. ట్రామ్ కొండ వెనక్కి తిరిగేది, ఆ వరదంతా ఏ ట్యాంకుల్లోంచి వచ్చిందో కళ్లారా కనిపించేది. అవే నీళ్లు మళ్లీ తోడి తర్వాతి ట్రామ్‌కి వాడేవారట! సినిమా ఎలా తీస్తారో అంత సూటిగా చూపించింది నాకు ఇంకొకటి తెలియదు. దొరికిన వీడియోలన్నీ వరద దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇప్పుడక్కడ వేరే రైడ్లు వచ్చేశాయి, వెళ్లి చూసే వీలు లేదు. మా అబ్బాయి విజువల్ ఎఫెక్ట్స్ నేర్చుకుంటున్నాడు, వాడికి ఆ వెనక భాగం చూపించాలని నా ఆశ.

అమెరికా వచ్చిన అమ్మానాన్నల్ని ఓర్లాండో తీసుకెళ్లి హ్యాండీక్యామ్‌లో తీసిన క్యాసెట్లు చాలా ఇళ్లల్లో ఉంటాయి. దయచేసి ఒకసారి వెతకండి. బొమ్మ ఊగినా, మాట సరిగ్గా వినపడకపోయినా ఫర్వాలేదు. క్యాసెట్‌ని డిజిటల్‌గా మార్చే ఖర్చు నేనే పెట్టుకుంటాను.