సామాజిక శాస్త్ర పేపర్ మామూలు పాఠకులకు అందాలంటే: ఏ కాపీ పెట్టాలి, సారాంశం ఎలా రాయాలి?

ప్రశ్న

ఇంట్లో వృద్ధుల బాగోగులు చూసుకునేవాళ్ల మీద రాసిన పేపర్‌ని ఒక చందా జర్నల్ (డబ్బు కట్టినవాళ్లే చదవగలిగేది) అంగీకరించింది. ఆధారం 1,000 మందితో సర్వే, 32 ఇంటర్వ్యూలు. ఎవరి గురించి రాశామో వాళ్లే చదవలేకపోవడం అన్యాయం అనిపిస్తోంది. పీడీఎఫ్ ఎక్కడ పెట్టొచ్చు? తెలుగులో సారాంశం రాసేటప్పుడు ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయి?

జవాబు 1

మీ దగ్గర ఉండేది ఒక పీడీఎఫ్ కాదు, మూడు. సమీక్షకు పంపకముందు ఉన్నది ప్రీప్రింట్. సమీక్షకులు అడిగిన మార్పులు చేశాక ఎడిటర్ ఒప్పుకున్న మీ సొంత ఫైలు అంగీకృత ప్రతి. జర్నల్ వాళ్లు పేజీలు కూర్చి, లోగో వేసి విడుదల చేసేది మూడోది. ఈ మూడోదాన్ని బయట పెట్టే హక్కు చందా జర్నళ్లలో రచయితకు మామూలుగా ఉండదు. చాలామంది సరిగ్గా దాన్నే, పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్‌ సైటులో ఎక్కిస్తారు. ఇలాంటి కాపీల మీదే 2017లో జర్నళ్లు ప్రచురించే ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ ఆ సైటుపై కోర్టుకెక్కాయి.

రెండోదానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, కానీ ప్రచురణ తర్వాత కొంతకాలం ఆగి పెట్టమంటాయి. సామాజిక శాస్త్రాల్లో 12 నుంచి 24 నెలలు మామూలే. జర్నల్ విధానాన్ని ఓపెన్ పాలసీ ఫైండర్‌ అనే సైటులో (పాత పేరు షెర్పా రోమియో) వెతకండి. అక్కడున్నదానికీ మీరు సంతకం పెట్టిన ఒప్పందానికీ తేడా ఉంటే ఒప్పందమే చెల్లుతుంది. సామాజిక శాస్త్ర పేపర్లను ఉచితంగా అందించే, 2016లో మొదలైన సోక్‌ఆర్కైవ్‌లో గానీ మీ విశ్వవిద్యాలయం పేపర్లు దాచే రిపాజిటరీలో గానీ పెట్టండి. మొదటి పేజీలోనే "ఇది అంగీకృత ప్రతి" అని రాసి, జర్నల్ పేరు, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. లేకపోతే ఒకే పేపర్ రెండుగా చలామణి అవుతుంది.

అడిగినవారు

అంగీకృత ప్రతిని మొత్తం తెలుగు చేసి పెట్టొచ్చా?

జవాబు 1

కాపీరైట్ జర్నల్‌కి రాసిచ్చేసి ఉంటే వాళ్ల అనుమతి కావాలి, అనువాదకులు మీరే అయినా సరే. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చేది) అయితే చివర్లో "ఎన్‌డీ" ఉందేమో చూడండి. ఉంటే అనువాదాన్ని పంచుకోకూడదు. కాపీరైట్ వాక్యాలకే గానీ ఫలితాలకు ఉండదు కాబట్టి, అవే ఫలితాలను మీ మాటల్లో కొత్తగా రాస్తే ఎవరినీ అడగక్కర్లేదు. పాఠకులకు పూర్తి అనువాదం కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

జవాబు 2

సారాంశంలో దెబ్బతినేది అంకెలే. ఉద్యోగం మానేసినవాళ్లు 4 శాతం నుంచి 6 శాతం అయ్యారనుకోండి. "2 శాతం పెరిగింది" అంటే తప్పు. "50 శాతం పెరిగింది" అంటే లెక్క ఒప్పే గానీ చదివేవాళ్లు బెంబేలెత్తుతారు. "100 మందిలో నలుగురు మానేసేవారు, ఇప్పుడు ఆరుగురు" అనండి, ఎవరికీ తికమక ఉండదు.

"సిగ్నిఫికెంట్"ని "ముఖ్యమైన" అని తెలుగు చేయొద్దు. కాకతాళీయంగా ఇంత తేడా రావడం అరుదు అనే దాని అర్థం. తేడా పెద్దదా చిన్నదా అన్నది వేరే సంగతి, దాన్ని విడిగా చెప్పాలి. ఒక్కసారి చేసిన సర్వే అయితే "వల్ల" అనే మాట దగ్గర ఆగండి. "వృద్ధుల్ని చూసుకోవడం వల్ల ఉద్యోగం మానేశారు" అనేదానికీ, "చూసుకునేవాళ్లలో ఉద్యోగం మానేసినవాళ్లు ఎక్కువ" అనేదానికీ చాలా దూరం ఉంది. మీ సర్వే రెండోదే చెప్పగలదు.

ఇంకోటి, ఉపవర్గాలు. యాదృచ్ఛికంగా ఎంచిన 1,000 మందికి పొరపాటు పరిధి (సర్వే అంకె అసలు అంకెకు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పేది) దాదాపు 3 శాతం పాయింట్లు అటూ ఇటూ. అందులో 150 మందిని విడదీసి చూస్తే అది 8కి చేరుతుంది. విలేకరులకు నచ్చేవి ఆ చిన్న వర్గాల అంకెలే, అందుకే వాటిని పక్కన పెట్టడం మేలు.

జవాబు 3

అంకెల కన్నా ఇంటర్వ్యూలే నాకు ఎక్కువ ఆందోళన. జర్నల్‌లో ఉన్నంతకాలం ఆ మాటల్ని చదివేది పరిశోధకులే. తెలుగులో అందరికీ అందిందంటే పక్కింటివాళ్లూ, అత్తింటివాళ్లూ చదువుతారు. పేరు మార్చినంత మాత్రాన చాలదు: వయసు, వృత్తి, పిల్లల సంఖ్య, పెద్దాయన జబ్బు, ఈ నాలుగూ కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఒక్కో మాట పక్కన రెండు వివరాలకు మించి ఇవ్వకండి, "43 ఏళ్లు" బదులు "నలభైల్లో" అనండి. ఊతపదాలు కూడా మనిషిని పట్టిస్తాయి, కాబట్టి అవసరమైనచోట మాటల్ని యథాతథంగా కాక మీ వాక్యంలో చెప్పండి. అంతకన్నా ముందు సమ్మతి పత్రం తీసి చూడండి. "పరిశోధన నిమిత్తం మాత్రమే" అని రాసి ఉంటే, ఆ మాటల్ని బహిరంగంగా వాడేందుకు ఎథిక్స్ కమిటీని సంప్రదించి, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల దగ్గర మళ్లీ సమ్మతి తీసుకోవాలి.