ఆకాశం నుంచి వచ్చేవాళ్లకు దిగే చోటు: ఎవరైనా కట్టారా, చూశారా?

పరుపుబండ
దేవరకొండ దగ్గర ఊళ్లో సైన్స్ చెప్తాను. వేరే లోకాల నౌకలకు స్వాగతం చెప్పే వలయం ఒకటి ఊరి బండ మీద వేద్దామని మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుబట్టారు. 1977లో వెళ్లిన వాయేజర్ అంతరిక్ష నౌకల్లో 55 భాషల పలకరింపులు పంపారనీ, అందులో తెలుగు కూడా ఉందనీ చెప్పిన రోజు నుంచి ఇదే పట్టు. పిలిచినప్పుడు కూర్చోవడానికి జాగా చూపించాలి కదా సార్ అంటున్నారు. నాకూ నిజంగా చేయాలనే ఉంది. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

కల్వకుర్తి అక్క
నేనుండేది కెనడాలో, ఆల్బర్టా రాష్ట్రం. ఇక్కడ సెయింట్ పాల్ అనే చిన్న ఊళ్లో 1967లో, దేశానికి నూరేళ్లు నిండిన సందర్భంగా వేరే లోకాల నౌకలు దిగడానికని కాంక్రీటుతో ఎత్తైన గద్దె కట్టారు. రక్షణ మంత్రి పాల్ హెలియర్ వచ్చి ప్రారంభించాడు. వెనక గోడ మీద దేశం మ్యాప్ ఉంటుంది, ఒక్కో రాష్ట్రం నుంచి తెచ్చిన రాళ్లతో పేర్చింది. నాకు గద్దె కన్నా ఆ రాళ్లే నచ్చాయి. 2067లో తెరవాలని ఉత్తరాలు పెట్టి ఒక పెట్టె కూడా దాచారు. మీ పిల్లలతో ఉత్తరాలు రాయించండి సార్, ఇంటికో రాయి తెమ్మనండి.

చెల్క రైతు
సార్, ముందు ఆ బండ మీద వడ్లు ఎవరు ఆరబోస్తారో అడగండి. కోతల టైంలో జాగా దొరక్కపోతే ఊరంతా మీ మీదికి వస్తది. వలయం తాడుతో గీయాలంటే నడుమ మొల పాతలేరు, బండ కదా. ఒక పిల్లవాణ్ని నిలబెట్టి నడుముకు తాడు కడితే వాడు తాడుతోపాటే తిరిగిపోతాడు. బరువైన రోలు పెట్టి, దానికి వదులుగా ఉచ్చు వేయండి. ఉత్త సున్నం మొదటి వానకే కొట్టుకుపోతది, బంక కలపాలి. అది కూడా రెండో వానకాలం చూడదు. రాళ్లు పేర్చడమే మంచిది.

పరుపుబండ
రోలు సంగతి అస్సలు తట్టలేదన్నా. రాళ్లే ఖాయం చేద్దాం.

రాళ్ల పిచ్చి
అర్జెంటీనాలో కాచి అనే ఊరి దగ్గర ఇట్లాంటి నౌకలు దిగడానికే అచ్చంగా రాళ్లతో పెద్ద నక్షత్రం పేర్చారు. వెర్నర్ జైస్లీ అనే స్విట్జర్లాండ్ మనిషి 2008లో మొదలుపెట్టాడు. కాంక్రీటు లేదు, కప్పు లేదు. మన గుట్టల కింద రాయికి కొదవా?

మాగనూరు
రాయికి కొదవ లేదు కానీ, ఏ రాయి పడితే ఆ రాయి కదపకండి, దండం పెడతా. మా దగ్గర కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో వేల ఏళ్ల నాటి నిలువురాళ్లు ఉన్నాయి, ఒక్కోటి పది అడుగుల పైనే. ఒక బండ మీద సప్తర్షి మండలంలా చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. 2025లో ఆ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఇన్నేళ్లలో ఎన్ని రాళ్లు పొలం గట్లకు పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతది. మీ పిల్లల్ని ముందు అక్కడికి తీసుకురండి. సూర్యుడి దారిని బట్టి రాళ్లు ఎట్ల నిలబెట్టారో చూస్తే, మీ వలయంలో ఏ రాయి ఎటు పెట్టాలో వాళ్లే చెప్తారు. జూన్ 21న మన దగ్గర పొద్దు, సరిగ్గా తూర్పుకు కాకుండా దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తది. ఒక రాయి అక్కడ పెట్టించండి.

వికారాబాద్ వైపు
2022 డిసెంబరులో మర్పల్లి మండలంలో పెద్ద గుండ్రటి గది లాంటిది పొలంలో దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా అక్కడే, లోపల ఎవరున్నారో అని ఒకటే టెన్షన్. హైదరాబాద్ నుంచి బెలూన్‌తో ఎగరేసిన ప్రయోగమని తర్వాత తెలిసింది. సార్, వలయం వేసేటప్పుడు ఇది కూడా నేర్పండి: పైనుంచి ఏది దిగినా ముట్టుకోవద్దు, దూరంగా నిలబడి పోలీసులకు చెప్పాలి. పరిశోధన బెలూన్ల పరికరాలు మన జిల్లాల్లో పడుతూనే ఉంటాయి.

పరుపుబండ
ఆ మాట వలయం పక్కన బోర్డు మీద రాయిస్తాను. దసరా సెలవుల్లో ముడుమాల్, వడ్లు ఎత్తాక బండ మీద పని. గ్రామ పంచాయతీలో అడిగాను, రాతపూర్వకంగా ఇమ్మన్నారు.

చెల్క రైతు
కాయితం ఇచ్చినాక చెప్పండి. రాళ్లు మోయడానికి ట్రాక్టర్ నేను తెస్తా, డీజిల్ మీరు చూసుకోండి.