కుక్క ఒంటి మీద దెబ్బలు చూసి పిల్లాడి గురించి రిపోర్ట్ చెయ్యొచ్చా?

క్లినిక్_అసిస్టెంట్:
అందరికీ నమస్కారం. పెట్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నా, రెండేళ్ళయింది. మూడు నెలల్లో ఒకే కుక్కని మూడుసార్లు తెచ్చారు, మొదటిసారి కాలు, తర్వాత పక్కటెముకలు, ఇప్పుడు మళ్ళీ పక్కటెముకలే. ఎక్స్‌రేలో చూస్తే కొన్ని ఎముకలు ఎప్పుడో విరిగి అతుక్కున్నవి, కొన్ని కొత్తగా విరిగినవి. ప్రతిసారీ మెట్ల మీంచి పడిందనే చెప్తారు. మొన్న వాళ్ళ బాబు కూడా వచ్చాడు, ఆరేళ్ళుంటాయేమో, నేను కట్టు కడుతుంటే పక్కన నిలబడి మెల్లగా "నేను మాట వినకపోతే దీన్ని కొడతారు" అన్నాడు. వాళ్ళ నాన్న లోపలికి రాగానే ఇంక ఒక్క మాట లేదు. రెండ్రోజుల నుంచి నాకు నిద్ర లేదు.

మా డాక్టర్ గారికి చెప్తే మనం చూసేది జంతువుల్ని, ఇంటి గొడవలు మనకెందుకు, పైగా కంప్లైంట్ ఇస్తే ఇంక ఇక్కడికి తీసుకురారు, దానికి ఈ వైద్యం కూడా అందదు అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదండి, దిక్కులేని కుక్కలకి సొంత డబ్బుతో ఆపరేషన్లు చేసిన మనిషి. అందుకే ఇంకా తికమకగా ఉంది. నా దగ్గర ప్రూఫ్ ఏమీ లేదు. నేను పొరపాటు పడి ఉంటే ఒక కుటుంబాన్ని రోడ్డు మీదికి లాగినట్టే కదా. డాక్టర్ గారికి చెప్పేశా కాబట్టి నా బాధ్యత తీరిపోయినట్టేనా?

పశువుల_డాక్టరమ్మ:
తీరలేదమ్మా. ఎవరు రిపోర్ట్ చెయ్యాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది, ఒక్కోసారి ఒకే దేశంలో రాష్ట్రాన్ని బట్టి కూడా మారుతుంది, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పశువుల డాక్టర్ తప్పనిసరిగా చెప్పాలి, కొన్నిట్లో చెప్పొచ్చు అని మాత్రమే ఉంటుంది. కాబట్టి ముందు మీరున్న చోటి రూల్ చూసుకో. కానీ ఆ డ్యూటీ ఉన్న చాలాచోట్ల పైవాళ్ళకి చెప్పేశాం అంటే ఒప్పుకోరు, చూసినవాళ్ళే నేరుగా చెప్పాలి. చట్టం బలవంతం చెయ్యని చోట కూడా నువ్వు ఫోన్ చేస్తే ఆపేవాళ్ళు లేరు.

ప్రూఫ్ సంగతి. రిపోర్ట్‌కి ప్రూఫ్ అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలు. విరిగిన ఎముకలు వేరువేరు దశల్లో ఉండటం, మూడుసార్లూ ఒకటే కథ, ఆ కథకీ గాయానికీ పొంతన లేకపోవడం, మా వృత్తిలో ఇవి చిన్న గుర్తులు కావు. నిర్లక్ష్యం అయితే ఇంకోలా కనబడుతుంది, చిన్నప్పుడు కట్టిన పట్టీ విప్పక మెడ చర్మంలోకి దిగిపోవడం, గోళ్ళు వంకర తిరిగి పాదంలోకి గుచ్చుకోవడం, వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోవడం. అలాంటి కుక్కని టేబుల్ మీద పెట్టినప్పుడు నేను ఇంట్లో ఇంకెవరెవరు ఉన్నారని తప్పకుండా అడుగుతా, పసిపిల్లలా, మంచాన పడ్డ పెద్దవాళ్ళా అని. 1983లో న్యూజెర్సీలో పిల్లల్ని హింసించిన, పట్టించుకోని 53 కుటుంబాల్ని చూస్తే, వాటిలో పిల్లల్ని కొట్టే ఇళ్ళల్లో 88 శాతం ఇళ్ళల్లో జంతువులకీ హింస జరిగింది. చిన్న లెక్కే, కుక్కని కొట్టేవాళ్ళందరూ పిల్లల్ని కొడతారని దానర్థం కాదు. కానీ నీ కేసులో పిల్లాడు నోరు విప్పి చెప్పాడు కదా. వాడు మాట వినకపోతే దాన్ని కొడుతున్నారంటే ఆ దెబ్బ వాడిని భయపెట్టడానికే, అది కూడా పిల్లాడి మీద హింసే.

మీ డాక్టర్ గారి భయం నాకూ ఉండేది, పదేళ్ళ కింద అదే అనుకుని ఒక పిల్లి విషయంలో ఊరుకున్నా. అది మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఊరుకోలేదు.

పిల్లల_వార్డు_నర్సు:
మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పిల్లల వార్డులో నర్సుని, మాకు ట్రైనింగ్‌లో మొదట నేర్పేది ఒకటే, నువ్వు చెప్పేదానివి, తేల్చేదానివి కాదు. ఈ చట్టాలు వచ్చిందే డాక్టర్లు చూసి కూడా ఊరుకున్నారు కాబట్టి. 1962లో హెన్రీ కెంపే అనే పిల్లల డాక్టరూ ఆయన టీమూ ఇలా దెబ్బలు తిన్న పిల్లల గురించి ఒక పెద్ద వైద్య పత్రికలో రాశారు, తల్లిదండ్రులు ఇలా చేస్తారంటే డాక్టర్లకే నమ్మబుద్ధి కావట్లేదని అందులోనే ఉంది, ఆ తర్వాత ఐదేళ్ళల్లో, 1967 కల్లా, అమెరికాలో అన్ని రాష్ట్రాలూ రిపోర్టింగ్ చట్టం చేశాయి.

పిల్లాడు మళ్ళీ కనబడితే దెబ్బలు ఎక్కడున్నాయో గమనించండి. ఆడుకునే పిల్లలకి మోకాళ్ళ మీద, మోచేతుల మీద, నుదుటి మీద కమిలితే మామూలే. మొండెం మీద, చెవి మీద, మెడ మీద ఉంటే ఆలోచించాలి, నాలుగేళ్ళ లోపు వాళ్ళకైతే మరీను, నాలుగు నెలలు కూడా నిండని పసిబిడ్డకి ఎక్కడ కమిలినా సరే చూపించాల్సిందే, ఎందుకంటే ఆ వయసులో తమంతట తాము దొర్లి పడరు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వాడిని కూర్చోబెట్టి నాన్న నిన్ను కొడతాడా, ఎక్కడ కొట్టాడు అని అడగొద్దు. మన మాటలు వాడి నోట్లో పెట్టినట్టవుతుంది, రేపు వాడు చెప్పింది ఎవరూ నమ్మరు. వాళ్ళ నాన్నని నిలదీయొద్దు కూడా, ఇంటికెళ్ళాక అది వాడి మీద పడుతుంది.

ఇండియాలో చూస్తున్నవాళ్ళ కోసం కూడా చెప్తున్నా, 2012 పోక్సో చట్టంలో 19వ సెక్షన్ డాక్టర్లకీ టీచర్లకీ మాత్రమే కాదు, తెలిసిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది, చెప్పకపోతే 6 నెలల దాకా జైలు ఉంది, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. కాకపోతే అది లైంగిక నేరాలకే. కొట్టడం, పట్టించుకోకపోవడం దాని కిందికి రావు.

అవతలి_వైపు:
ఇక్కడ అందరూ చెప్పెయ్యి చెప్పెయ్యి అంటున్నారు కానీ చెప్పించుకున్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను రెండు షిఫ్టులు చేసే రోజుల్లో మా అమ్మ మంచంలో ఉండేది, వీపు మీద పుండు పడింది, ఎవరో రిపోర్ట్ ఇచ్చారు. అధికారులు వచ్చి ఇల్లంతా చూశారు. నేను అమ్మని వదిలేశానని రాసి ఉంది ఆ కాగితంలో. చేతిలో డబ్బు లేకపోవడం, మనిషి లేకపోవడం వేరు, ఉండి కూడా చూడకపోవడం వేరు, ఆ రాసిన మనిషి నన్ను ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. చివరికి కేసు ఏమీ లేదని మూసేశారు, పగటిపూట ఒక ఆయాని కూడా ఏర్పాటు చేశారు, అది నిజమే చెప్పాలి, అమ్మకి పుండు మానింది. కానీ ఆ మాట మాత్రం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. తమ్ముడూ నువ్వు రిపోర్ట్ చెయ్యి, నీ కేసు వేరు, ఎక్స్‌రేలు ఉన్నాయి, పిల్లాడి మాట ఉంది. కానీ చూసింది మాత్రమే చెప్పు. "క్రూరుడు" లాంటి మాటలు రాయకు.

క్లినిక్_అసిస్టెంట్:
అన్నా, అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. మేడం, సిస్టర్, మీకూ థ్యాంక్స్. రాత్రే కూర్చుని రాశా, మూడు తేదీలు, ఏ తేదీన ఏ ఎముక, వాళ్ళు చెప్పిన కారణం. డాక్టర్ గారికి పొద్దున చూపించా, చాలాసేపు చదివారు, ఏమీ అనలేదు, తర్వాత ఆయనే ఎక్స్‌రే కాపీలు తీసి ఇచ్చారు. మధ్యాహ్నం పిల్లల హెల్ప్‌లైన్‌కి చేస్తున్నా, జంతువుల వాళ్ళకి విడిగా. ఒక్క డౌట్, పిల్లాడు అన్నది ఎలా రాయాలి? నేను "బెదిరిస్తున్నారని చెప్పాడు" అని రాశా.

పిల్లల_వార్డు_నర్సు:
అది కొట్టెయ్యి బాబూ. వాడు ఏ మాటలు అన్నాడో అవే రాయి, టైమ్, ఆ సమయానికి గదిలో ఎవరున్నారో కూడా రాయి.