‘కాచి యతుక…’ ఇది ఏ కాచి?

చంపావతి (నెల్లిమర్ల): వారం రోజులుగా వేమన పద్యం ఒకటి నోట్లో ఆడుతోంది, రెండో పాదం దగ్గర ఆగిపోతున్నాను. ‘ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు / కాచి యతుక…’ ఆ తర్వాత ‘వచ్చు క్రమముగాను’ అని నాకు గుర్తు. మా నాన్నగారు మాత్రం ‘నేర్చు కమ్మరీడు’ అనేవారు. ఏది సరి? పెరట్లో చిన్న మిగ్ మెషీన్ (కరెంటుతో తీగ కరిగించి, గాలి సోకకుండా పైన గ్యాస్ కప్పుతూ అతికే వెల్డింగ్ యంత్రం) పెట్టుకుని పూలకుండీల స్టాండు చేస్తున్నాను. దుకాణంలో మంచి గ్యాస్ ఇమ్మంటే అచ్చం ఆర్గాన్ ఇచ్చారు. అతుకు పైపులోకి దిగలేదు, పైన తాడు పడుకోబెట్టినట్టు ఉబ్బుగా నిలిచింది. సుత్తితో ఒక్క దెబ్బకి ఊడొచ్చింది. ఆ ముక్క చేతిలో ఉండగానే పద్యం గుర్తొచ్చింది.

వంశధార (టెక్కలి): మీ నాన్నగారి పాఠమే నేనూ విన్నాను. కానీ అసలు తేలాల్సింది మొదటి పాదం. ‘ఇరుమారు’ కాదు, ‘ఇనుమారు’. ఇనుమడి అంటామే, ఆ ‘ఇను’. ఇనుము పక్కన ఇనుమారు పడితే పాదం సుత్తి దెబ్బలా మోగుతుంది.

నాగావళి (శ్రీకాకుళం): మేష్టారూ, యతి రెండింటికీ చెల్లుతుంది, ఇకారానికి ఇకారం. మోతని బట్టి పాఠం తేల్చలేం. రెండో పాదంలోనూ అంతే. ‘క్ర’ ముందున్న ‘చ్చు’ గురువైపోతుందని ఎవరైనా అంటారేమో, వేరే మాట కాబట్టి అవదు. గణాలు రెండు పాఠాల్లోనూ సరిపోతాయి. నా మనసు మాత్రం ‘నేర్చు’ వైపే. మూడో పాదంలో ‘మరి యంట నేర్చునా’ ఉంది కదా. పైన కమ్మరి నేర్చాడు, కింద విరిగిన మనసుకి ఆ నేర్పు లేదు. ‘వచ్చు’ అంటే ఆ జోడీ పోతుంది.

వేగావతి (బొబ్బిలి): నాది ఫ్యాబ్రికేషన్ పని. ముందు ఆ సిలిండర్ మార్చండి బాబూ. ఉక్కుకి అచ్చం ఆర్గాన్ పనికిరాదు. ఆర్క్, అంటే తీగ కొసన వెలిగే కరెంటు మంట, నిలకడగా ఉండదు, కరిగిన లోహం అంచులకి పాకదు. 80 పాళ్ళు ఆర్గాన్, 20 పాళ్ళు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కలిపిన మిక్స్ అడగండి. ఉత్త సీఓటూ చవక, లోతుగా దిగుతుంది, కానీ స్పాటర్ (చుట్టూ చిమ్మే లోహపు తుంపర) ఎక్కువ, రెగ్యులేటర్ మంచు కడుతుంది, హీటర్ ఉండాలి. పలచటి పైపుకి మిక్స్ సుఖం, దళసరి పనికి సీఓటూ చాలు. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు. మరీ ఎక్కువ తిప్పినా గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లాక్కొస్తుంది, అతుకు నిండా సూదిబెజ్జాలు. ఫ్యాన్ ఆపండి.

ఇంకో మాట. మిగ్‌లో ‘ఐ’ అంటే ఇనర్ట్, దేనితోనూ కలవని జడవాయువు. సీఓటూ జడం కాదు, ఆర్క్ వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. అందుకే పుస్తకాల్లో దాన్ని మ్యాగ్ (‘ఏ’ అంటే యాక్టివ్) అంటారు, షాపులో మేం సీఓటూ వెల్డింగ్ అంటాం. తీగలో సిలికాన్, మాంగనీసు కలిపేది ఆ ఆక్సిజన్‌ని పట్టుకోవడానికే. మాంగనీసంటే మన చీపురుపల్లి వైపు గనుల్లో తవ్వే ఖనిజమే కదా.

వంశధార: ఆర్గాన్ పేరుకే గ్రీకులో ‘సోమరి’ అని అర్థం. సరే, ఇప్పుడు ‘కాచి’ దగ్గర ఆగుదాం. పాలు కాచి, చేను కాచి. ఈ పద్యంలో ఏ కాచి? చిన్నప్పుడు మా ఊరి కొలిమి దగ్గర గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. ముక్కలు రెండూ ఎర్రగా కాలాక కమ్మరి చిటికెడు వెలిగారం చల్లేవాడు. అది గాజులా కరిగి ఇనుము మీద కమ్ముకునేది, తేనె పూసినట్టు మెరిసేది. ఆ కప్పు లేకపోతే గాలికి చిట్టెం కట్టి ముక్కలు అంటవు. అంటే కమ్మరి ఇనుముని వేడి చేస్తూనే గాలి సోకకుండా కాపలా కాశాడు. మీ గ్యాస్ చేసేదీ అదే.

నాగావళి: భావన బాగుంది. కానీ ‘ఇనుము కాచి’ అంటే జనం నోట వేడి చెయ్యడం ఒక్కటే. కాపలా కాసేది చేనుని, మందని, ఇంటిని. రెండు కాచులూ ఒక్క ధాతువని మాత్రం అనకండి.

వంశధార: ధాతువు మాట నేనెత్తలేదు. వినేవాడి చెవి మాట అంటున్నాను. నడుముకి కాపడం పెడితే వేడి, బిడ్డని కాపాడితే రక్షణ. ఆ రెండూ ఒకే నోట్లో పక్కపక్కనే ఉన్నాయి. వేమన లాంటి చెవి ఉన్నవాడికి వినపడకుండా ఉంటాయా?

చంపావతి: అయితే షీల్డింగ్ గ్యాస్‌ని ‘కాపుగాలి’ అందామా? పక్కింటి కుర్రాడికి పని నేర్పుతున్నాను. ‘రక్షక వాయువు’ అంటే వాడికి నోరు తిరగడం లేదు.

వేగావతి: కాపు అంటే మామిడి కాపు గుర్తొస్తుంది. షాపులో ‘గ్యాస్’ అంటే చాలు.

నాగావళి: పనివాళ్ళ నోట ఉన్నదే మాట. సవర గిరిజనుల దగ్గరే సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మాది. కానీ కుర్రాడి నోట నిలిస్తే ‘కాపుగాలి’ కూడా రేపు షాపు మాటే అవుతుంది, ఉండనివ్వండి. నా అభ్యంతరం పద్యం వరకే.

చంపావతి: మిక్స్ తెచ్చాను. అతుకు చదునుగా పాకింది. సుత్తికి పైపు వంగింది గానీ అతుకు వదల్లేదు. నిన్న నాన్నగారి నోటుపుస్తకం తీసి చూశాను. రెండో పాదంలో ‘కమ్మరీడు’ స్పష్టంగా ఉంది. మొదటి పాదంలో ‘ఇరుమారు’ కొట్టేసి పైన ‘ఇనుమారు’ రాశారు, తర్వాత దాన్నీ కొట్టేశారు.