మార్టిన్స్ లా వచ్చింది, మన ఉగాది హాలుకి ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మేం మాంచెస్టర్ దగ్గర ఉంటాం. మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుంటుంది. పిల్లాపాపలతో కలిపి 350 మంది దాకా వస్తారు. మార్టిన్స్ లా ప్రకారం మెటల్ డిటెక్టర్లు పెట్టాలట, లేకపోతే కోట్లలో జరిమానా అట. కమిటీలో అందరికీ ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

జవాబు: కంగారు పడకండి. జనం గుమిగూడే చోట్ల ఉగ్రదాడి జరిగితే ప్రాణాలు కాపాడుకోడానికి ముందే సిద్ధంగా ఉండాలని బ్రిటన్ తెచ్చిన ఈ చట్టానికి 2025 ఏప్రిల్ 3న రాజముద్ర పడింది. అమలుకు కనీసం రెండేళ్ళ గడువిచ్చారు. ఒకేసారి 200 నుంచి 799 మంది దాకా ఉండే చోట్లకు మెటల్ డిటెక్టర్ల నిబంధనేదీ లేదు. హాలు వివరాలు ఎస్ఐఏ అనే నియంత్రణ సంస్థకు తెలపాలి. దాడి జరిగితే జనాన్ని బయటికి ఎలా పంపాలి, ప్రమాదం బయటే ఉంటే లోపల ఎక్కడ దాచాలి, తలుపులు ఎవరు మూయాలి, అందరికీ కబురు ఎలా అందాలి అన్నవి ముందే అనుకుని సిబ్బందికి చెప్పి ఉంచాలి. ఈ బాధ్యత హాలు ఎవరి అదుపులో ఉంటే వాళ్ళది. ఒక్క పూట అద్దెకు తీసుకున్నంత మాత్రాన మామూలుగా మీ మీద పడదు. కోట్ల జరిమానా 800 మంది, ఆపైన వచ్చే చోట్లకు. మీలాంటి హాళ్ళకు గరిష్ఠం 10 వేల పౌండ్లు, సరిచేయకపోతే రోజుకు ఇంత అని అదనం.

అయితే కమిటీ వాళ్ళకు ఇది కూడా చెప్పండి. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో పాటల కచేరీ ముగిసే వేళ జరిగిన బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. పిల్ల కోసం వచ్చిన ఒకాయన, పెద్ద బ్యాగుతో కూర్చున్న మనిషిని చూసి అనుమానపడి, పేలుడుకు పావుగంట ముందే అక్కడి సిబ్బందికి చెప్పాడు. ఆ మాట కంట్రోల్ రూమ్ దాకా చేరనే లేదు. అందుకే 'కబురు ఎలా అందాలి' అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది.

ఆ రోజు చనిపోయిన మార్టిన్ హెట్‌కి 29 ఏళ్ళు. ఆయన తల్లి ఫిగెన్ మర్రే ఈ చట్టం కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. 2024 మేలో మాంచెస్టర్ నుంచి లండన్‌కి దాదాపు 320 కిలోమీటర్లు నడిచి, కొడుకు పోయిన తేదీకే అప్పటి ప్రధాని సునాక్‌ని కలిశారు. బిల్లు తెస్తామని ఆయన మాటిచ్చారు. కొన్ని గంటలకే ఎన్నికలు ప్రకటించారు. కడుపుకోత మోస్తూ అంత దూరం నడిచి వచ్చిన తల్లికి ఆ సాయంత్రం ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కొత్త ప్రభుత్వం వచ్చాక గానీ చట్టం కాలేదు.

ప్రశ్న: చాలా థ్యాంక్స్ అండీ. ఆవిడ సంగతి మాలో చాలామందికి తెలియదు. గడువు దాకా ఆగకుండా ఈ ఉగాదికే మేం ఏమైనా చేయొచ్చా?

జవాబు: తప్పకుండా. పండగ ముందు ఒక సాయంత్రం హాలుకి వెళ్ళి, అన్ని తలుపులూ మీ చేత్తో తెరిచి చూడండి. మేం అలా చూసినప్పుడు వెనక తలుపుకి మడత కుర్చీలన్నీ ఆనించి ఉన్నాయి. తలుపుకొక మనిషిని పెట్టండి. అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళకు ఒకే నంబరు ఇవ్వండి. మైకు దగ్గర ఉండే అబ్బాయికి ఏం చెప్పాలో రెండు ముక్కలు తెలుగులో, ఇంగ్లీషులో రాసివ్వండి. మన పెద్దవాళ్ళకు ఆ హడావుడిలో ఇంగ్లీషు అర్థం కాదు.

ప్రశ్న: మా హాలు వెనక తలుపు తాళం కేర్‌టేకర్ దగ్గరే ఉంటుందండీ, ఆయన ఆరింటికల్లా వెళ్ళిపోతాడు. ఇది మాకు ఇన్నేళ్ళూ తట్టనే లేదు. శనివారం వెళ్ళి మాట్లాడతాం.