బంగారు రేకు నుంచి కుంచె గీత దాకా: యూరప్ చిత్రాల్లో దేనికి విలువ కట్టారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి పారిస్ వెళ్తున్నాం. ఇంతకుముందు లండన్ నేషనల్ గ్యాలరీలో పాత కాలం నుంచి మొదలుపెట్టి గదులన్నీ తిరిగాను. మొదట్లో అంతా బంగారం పరిచిన మేరీమాత పటాలు. కొన్ని గదులు దాటేసరికి బంగారం మాయం. చివర్లో విడివిడిగా కనబడే కుంచె గీతలు. ఎందుకిలా మారింది? ‘ముందువాళ్లకు సరిగ్గా గీయడం రాదు’ అని పక్కనున్న ఒకాయన అన్నది నాకు మింగుడుపడలేదు. స్వయంగా చూసినవాళ్లు చెప్పండి.

నల్లకలువ:
రాదనడం అన్యాయమండీ. ఇటలీలోని సియెనాలో దూచ్చో అనే చిత్రకారుడి ‘మాయెస్తా’ (సింహాసనం మీద కూర్చున్న మేరీమాత పటం) చూశాను. 1311లో అది పూర్తయ్యాక ఊరు ఊరంతా ఊరేగింపుగా కెథెడ్రల్‌కు తీసుకెళ్లింది. దగ్గరికెళ్తే తల వెనకున్న కాంతివలయంలో, బంగారు రేకు మీద సన్నటి నగిషీ కనిపిస్తుంది. కొవ్వొత్తుల వెలుగులో అది ఎలా మెరిసేదో ఊహించుకోండి. వెనక చెట్టూ గుట్టా గీస్తే మేరీమాత మన వీధిలో కూర్చున్నట్టుంటుంది. ఆమెది ఈ లోకం కాదని చెప్పడానికే ఆ బంగారం. దేవుడికి ఇచ్చేది ఖరీదైనదే అయ్యుండాలన్న పట్టింపు కూడా ఉంది. నీలం రంగు కోసం అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి రాయి తెప్పించేవాళ్లు.

పాతకాగితం:
ఆ పట్టింపు ఒప్పంద పత్రాల్లోనే కనిపిస్తుంది. ఫ్లోరెన్స్‌లో అనాథ పిల్లల ఆశ్రమం కోసం గిర్లాందాయో గీసిన చిత్రానికి 1485లో రాసుకున్న ఒప్పందం ఇప్పటికీ ఉంది. మొత్తం 115 ఫ్లోరిన్లు (అప్పటి బంగారు నాణేలు). నీలం మాత్రం ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకమే వాడాలని షరతు. ఇల్లు కట్టించేవాళ్లు ఫలానా సిమెంటే వాడాలని మేస్త్రీతో రాయించుకున్నట్టు!

అయితే అదే శతాబ్దంలో గాలి మళ్లింది. నిజం బంగారం అద్దడం కంటే మామూలు రంగులతోనే బంగారపు మెరుపు తెప్పించేవాడికి ఎక్కువ మెప్పు దక్కుతుందని చిత్రకళ మీద పుస్తకం రాసిన ఆల్బెర్తీ 1435లోనే అన్నాడు. 1445లో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడితో కుదుర్చుకున్న ఒప్పందంలో, ఆయన తప్ప ఇంకెవరూ కుంచె పట్టకూడదని ఉంది. సరుకు ఖరీదు కంటే చేతి పనితనానికి డబ్బివ్వడం మొదలైంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

తైలవర్ణం:
గోదారిగట్టు గారూ, లండన్‌లో వాన్ ఐక్ 1434లో గీసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రం చూసే ఉంటారు. పైన వేలాడే ఇత్తడి దీపం గుర్తుందా? రంగులతోనే ఆ మెరుపంతా తెప్పించాడు. నేను ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. పలచటి పొర ఆరాక ఇంకో పొర వేసుకుంటూ పోవాలి. దానికి ఎంత ఓపిక కావాలో చేస్తే గానీ తెలియదు.

కాలువగట్టు:
నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాను. పనితనం ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. 1566లో ఇక్కడ ప్రొటెస్టెంట్లు చర్చిల్లోని విగ్రహాలు, పటాలు ధ్వంసం చేశారు. వాళ్ల చేతికొచ్చిన చర్చిల్లో మతచిత్రాలకు చోటు లేకుండా పోయింది. చిత్రకారులు మామూలు ఇళ్లకు సరిపోయే చిన్న బొమ్మలు గీసి అమ్ముకున్నారు. రైక్స్ మ్యూజియంలో వెర్మీర్ ‘పాలు పోసే అమ్మాయి’ ఎత్తు అడుగున్నర మాత్రమే. గోడకు కొట్టిన మేకు, దాని నీడ కూడా గీశాడు. ఇంకో విశేషం: పాతకాగితం గారు చెప్పిన ఆ ఖరీదైన నీలమే ఇక్కడ పనిమనిషి ఏప్రన్ మీద ఉంది. మేరీమాత పైటకు వాడే రంగు! నాకు ఎంతకీ తనివి తీరదు.

సీన్‌నది:
పారిస్‌లో మాత్రం ఇంత సులువుగా మారలేదు. ఫ్రెంచ్ అకాడమీ వాళ్లు చిత్రాలకు అంతస్తులు పెట్టారు. పురాణ, చారిత్రక ఘట్టాలు పైన, పూలూ పళ్లూ అట్టడుగున. అందుకే ఓర్సే మ్యూజియంలో కూర్బే గీసిన ‘ఓర్నాన్‌లో అంత్యక్రియలు’ తప్పక చూడండి. ఆరున్నర మీటర్ల వెడల్పు. రాజులకూ దేవతలకూ కేటాయించే ఆ కొలతలో తన ఊరి జనాన్ని నిలబెట్టాడు. 1850-51 సలాన్‌లో (పారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శన) పెడితే పెద్ద దుమారం రేగింది.

ఆ రోజుల్లోనే రంగు ట్యూబులు (1841లో పేటెంట్), రైలు బండి వచ్చాయి. ఆరుబయట కూర్చుని గీయడం తేలికైంది. ఉన్నదున్నట్టు పోలిక తెచ్చే పని ఫొటో అందుకుంది. 1874లో చిత్రకారుడు మోనే, ఆయన బృందం సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. అందులోని ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ మార్మొతాన్ మ్యూజియంలో ఉంది. నీళ్ల మీద సూర్యుడి వెలుగంటే అందులో కొన్ని నారింజ గీతలే. కుంచె జాడ కనబడకుండా నునుపుగా పూయడమే గొప్ప అనుకునే రోజుల్లో ఆ జాడను దాచకుండా వదిలేశాడు.

నల్లకలువ:
ఒక్క మాట కలుపుతాను. 1915లో రష్యాలోని పెత్రోగ్రాద్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మలేవిచ్ అనే చిత్రకారుడు ‘నల్ల చతురస్రం’ అనే తన చిత్రాన్ని గది మూలన, పైకప్పు దగ్గర తగిలించాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోటది. పాత చిత్రకళనంతా వదిలేశామన్నవాళ్లు కూడా ఆ చోటుకున్న బరువును వదులుకోలేదు.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. పారిస్‌లో బంగారు పటాలు కూడా చూడొచ్చా?

సీన్‌నది:
ఎందుకు చూడలేరు? లూవ్ర్ మ్యూజియంలో చిమబూయే అనే చిత్రకారుడి ‘మాయెస్తా’ ఉంది, నాలుగు మీటర్ల పైన ఎత్తు. ముందు అది చూసి, మర్నాడు ఓర్సేకి వెళ్లండి. లూవ్ర్‌కు మంగళవారం సెలవు, ఓర్సే, మార్మొతాన్‌లకు సోమవారం. టికెట్లు ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో తీసుకోండి, అక్కడ క్యూలో నిలబడే తిప్పలు తగ్గుతాయి.