గడువు తీరిన యాంటీవైరస్ సిస్టమ్ రీస్టోర్‌కి అడ్డుపడుతోంది, ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి నుంచి:
మాది జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు. విండోస్ 10లో కొత్త ప్రింటర్ డ్రైవర్ వేశాక ప్రింట్ కొడితే చాలు సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతోంది, పోనీ పాత తేదీకి రీస్టోర్ పెడదామంటే చాలాసేపు నడిచి చివర్లో 80070005 ఎర్రర్ ఇచ్చి, యాంటీవైరస్ నడుస్తుండొచ్చు అంటోంది. దాని లైసెన్స్ ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా ఏం నడుస్తుంది? పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలన్నీ ఆగిపోయాయి, టెన్షన్‌గా ఉంది.

రాయగడ నుంచి:
అన్నా, గడువు తీరితే ఆగేది ముఖ్యంగా అప్‌డేట్లే. దాని సర్వీసులు, అంటే వెనకాల నడిచే భాగాలు, మాత్రం విండోస్‌తో పాటే లేస్తాయి, తన ఫైళ్లను ఎవర్నీ ముట్టుకోనివ్వవు. రీస్టోర్ వాటిని మార్చబోతే అనుమతి లేదని ఆగిపోతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టు, నీలం తెర వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్. అక్కడ మామూలు విండోస్ లేవదు కాబట్టి యాంటీవైరస్సూ లేవదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంటే, ఆ తాళం తీసే రికవరీ కీ నంబరు దగ్గర పెట్టుకో.

జయపురం నుంచి:
పైన చెప్పింది సరైన దారి. యాంటీవైరస్‌ని రీస్టోర్ అయ్యాకే తీసెయ్యండి, ముందే తీస్తే పాత తేదీతో పాటు అది సగం సగంగా తిరిగొచ్చే ప్రమాదం ఉంది. కంట్రోల్ ప్యానెల్లో పోకపోతే ఆ కంపెనీవాళ్ల రిమూవల్ టూల్ వాడండి. తర్వాత రీస్టార్ట్ చేస్తే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ విండోస్ డిఫెండర్ మామూలుగా దానంతటదే ఆన్ అవుతుంది, ఒకసారి చూసుకోండి.

పర్లాకిమిడి నుంచి:
డెస్క్‌టాప్ మీద జనాల సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్నాయి, పోతాయా?

జయపురం నుంచి:
డాక్యుమెంట్లు, ఫొటోల జోలికి రీస్టోర్ వెళ్లదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లే పోతాయి. అయినా ఊళ్లో పిల్లల కాగితాలవి, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకున్నాకే మొదలుపెట్టండి.